ఊ కోసం ఆగిన బొమ్మ

పట్నంలో పుట్టిన పిల్ల పల్లెలో నిలవదన్నది మహారాష్ట్రలోని పద్మాపూర్ బొగ్గు గని కాలనీలో అందరూ ఎరిగిన సత్యం. ఎరిగినవారిలో దాన్ని పరీక్షించి చూసినవారు లేరు. నిలవక తిరిగివచ్చిన పిల్లల పేర్లు వేళ్ల మీద చెబుతారు. నిలిచినవారి పేర్లు ఎవరికీ గుర్తుండవు, నిలిచినవారి గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు కనుక. డిసెంబరులో సౌజన్య ఒక సంచితో సిర్పూర్ అవతలి అత్తగారి ఊరి నుంచి తల్లి క్వార్టరుకు వచ్చేసరికి ఆ లెక్కలో మరొక వేలు ముడుచుకుంది.

మార్చి మొదట్లో ఒక గురువారం సాయంత్రం తల్లి నర్సక్క గని ఆఫీసులో ఊడ్పు పని ముగించుకొని వచ్చి, గడపలోనే చెప్పులు విడిచి, రెంటినీ ఒకదానికొకటి తట్టి బొగ్గు నుసి రాల్చింది.

"వచ్చిన్రు," అంది. "మీ మామ, మీ ఆయన. మల్లేశం ఇంట్ల దిగిన్రు. ఆదివారం పొద్దుగాల పంచాయితీ."

"రానీ," అంది సౌజన్య. ఆమె గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని రాస్తోంది.

"ఏం రాస్తున్నవే?"

"బొమ్మ మాటలు. శనివారం హాల్ల అనంతరావు సర్ మూగ సినిమా ఆడిస్తుండు గదా. బొమ్మల మాటలు ఇంగ్లీషుల ఉన్నయి. నేను తెలుగుల చెప్పాలె."

నర్సక్క వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ అక్షరాల నెత్తిన పొడుగ్గా సాగిన గీత అది ఏ లిపో ఆమెకు చెప్పింది. మాటలు తెలుగు, అక్షరాలు మరాఠీ. కాలనీలో ఈ తరం అంతా తెలుగును అలాగే రాస్తుంది. బడి వాళ్లకు నేర్పినవి ఆ అక్షరాలే.

"ఆదివారం పంచాయితీ పెట్టుకొని శనివారం పదిమందిల నిలవడి బొమ్మ చెప్తవా? జనం ఏమంటరు?"

"అనేది డిసెంబర్లనే అన్నరు గదమ్మా. మిగిలిందేముంది?"

నర్సక్క పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. బియ్యం కడుగుతూ, నీళ్లతో చెబుతున్నట్టుగా చెప్పింది. "కాళ్లు మొక్కితె అయిపోతది. వంగినోళ్లకు నడుము ఇరిగిందా ఎన్నడన్న?"

"తప్పు చేసి ఉంటె మొక్కేదాన్నే. గా దినం పత్తి మీద కప్పే తాడిపత్రి ఎక్కడున్నదో నీకు చెప్పిన."

"చెప్పినవ్. అయితె గంత పెద్దమనిషిని పదిమందిల నిలవెట్టి అడుగుతవా?"

"నేను అడుగ. వాళ్లే చెప్పాలె. మామ చెప్పినా సరె, ఆయన చెప్పినా సరె. ఇద్దర్ల ఒక్కరు చెప్తె నేను బండెక్కుత. చెప్పకుంటె ఎక్క."

ఆ రోజు జరిగినది పెద్ద విషయమేమీ కాదు. ఏరిన పత్తి ఇంటి ముందు కుప్పగా ఉంది. మామ పోశం పొద్దున్నే తాడిపత్రి పట్టాను, కందులు ఆరబోసుకుంటారని, చెల్లెలి ఇంటికి పంపించాడు. బండి మీద వేసుకుని ఇచ్చి వచ్చినవాడు సౌజన్య భర్త తిరుపతి. మధ్యాహ్నం కాలం కాని వాన వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉన్న సౌజన్య గోనె సంచులు, చాపలు, చివరికి మంచం మీది దుప్పట్లు తెచ్చి కప్పింది. పత్తి సగం తడిసింది. పొలం నుంచి వచ్చిన పోశం, వాడకట్టు అంతా చూస్తుండగా, తడిసిన పత్తిని పిడికిట పట్టి పిండి, "పట్నం పిల్లకు మబ్బెరుక ఎట్లుంటది? గిది పల్లెల నిలిచే పిల్ల గాదు" అన్నాడు. సౌజన్య మామవైపు చూడలేదు, భర్తవైపు చూసింది. తిరుపతి నేల చూశాడు. ఆమె మర్నాడు సంచి సర్దుకున్నది మామ మాటకు కాదు.

శుక్రవారం ఆమె ఆటోలో చంద్రాపూర్ వెళ్లింది. అనంతరావు ఇల్లు గోల్ బజారులో, వాళ్ల పాత బట్టల దుకాణం మీది అంతస్తులో ఉంది. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ పొందాక ఆయన ఒక సినిమా సంఘం నడుపుతున్నాడు. ప్రతి నెలా ఏదో ఒక పాత చిత్రాన్ని ఏదో ఒక హాలులో చూపిస్తాడు. సౌజన్య డిగ్రీలో ఆయన విద్యార్థిని.

చిత్రం పేరు 'కొండవాలు'. తెలుగు పేరు ఆయన పెట్టినదే. సినిమాకు మాట రాబోతోందని అందరికీ తెలిసిపోయిన కాలంలో, యూరప్‌లో మంచు పడే కొండల నడుమ తీశారు. కథ కొత్తది కాదు. ఉన్ని అమ్ముకోవడానికి నగరానికి వచ్చిన గొర్రెల కాపరి, నగరంలో చాకిరేవు కార్ఖానాలో ఇస్త్రీ చేసే పిల్ల. కథను అప్పటివాళ్లు ఎంతమంది వాడి ఉంటారో చెప్పలేం. కాని ఈ చిత్రాన్ని తీసినవాడికి మనుషుల చేతులను చూడటం తెలుసు.

దృశ్యాల నడుమ మాటలను కార్డుల మీద రాసి చూపే ఆ చిత్రాన్ని అనంతరావు ఒక చోట ఆపాడు. "ఇక్కడ కార్డు లేదు. చూడు."

ఆవిరి పట్టిన కిటికీ. లోపల పిల్ల, ఇస్త్రీపెట్టె వేడిని చెంప దగ్గరికి తెచ్చి చూసుకుంటోంది. బయట కాపరి, బూట్ల నిండా బురద. అతను వేలితో అద్దం మీద ఒక గొర్రెను గీస్తాడు. అది గొర్రెలా లేదు. ఆమె చాలాసేపు చూసి, లోపలివైపు నుంచి దానికి నాలుగో కాలు గీస్తుంది. ఆవిరి కమ్ముకుని గొర్రె చెరిగిపోతుంది. ఇద్దరూ పెదవి కదపరు.

"నువ్వు ఇక్కడ ఏమీ చెప్పకు," అన్నాడాయన. "ఇక్కడ మాట చెప్తే నేరం."

"చెప్పను సర్."

ఇద్దరూ కార్డుల వెంట నడిచారు. ఆమె తెలుగు మాట చదువుతుంది, ఆయన ఇంగ్లీషుతో పోల్చి చూస్తాడు. ఒక్క మాట అటూ ఇటూ అయినా ఆపుతాడు. "ఇంగ్లీషులో 'బహుశా' అని ఉంది. నువ్వు తీసేసినవ్. బహుశా అన్నవాడు వేరే మనిషి, తప్పకుండా అన్నవాడు వేరే మనిషి." ఆమె దిద్దింది. ఆ పట్టుదల ఆమెకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టం.

మంచు రాత్రి తరువాతి కార్డు దగ్గర ఆమె ఆగింది. తెర మీద నల్లని నేపథ్యంలో తెల్లని అక్షరాలు. చిత్రంలో కాపరి ముసలి తండ్రి కోడలి గురించి చెప్పే మాట అది.

"సర్, ఈ ముక్క వదిలేద్దామా?"

"ఎందుకు?"

ఆమె కాగితాన్ని తిరగేసి పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కాలనీ వార్తలు గోల్ బజారు దాకా రావని కాదు.

"చూడమ్మా, కష్టంగా ఉంటే వేరే ఎవరినైనా చదవమందాం. కాని ముక్క మాత్రం ఉంటుంది. రాసినవాడు రాసిండు. మనం చెప్పేవాళ్లం, దిద్దేవాళ్లం కాదు."

"వేరే ఎవరొద్దు," అంది సౌజన్య. "నేనే చెప్తా."

శనివారం నాలుగు గంటలకు కాలనీ సముదాయ భవనం కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఎండ దుప్పట్ల అంచుల నుంచి సన్నగా కారుతోంది. అనంతరావు తెర, యంత్రం, తన లాప్‌టాప్ తెచ్చుకున్నాడు. సంఘం సభ్యులు నలుగురైదుగురు వస్తారనుకున్నాడు. నర్సక్క పుణ్యమా అని కాలనీ ఆడవాళ్లంతా వచ్చారు, వాళ్ల వెనుక మొగవాళ్లు వచ్చారు. చాపలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ముందు వరసలో కుర్చీ మీద కులపెద్ద మల్లేశం, పక్క కుర్చీలో పోశం, భుజాన తెల్లటి తువ్వాల. తిరుపతి ద్వారం దగ్గర నిలబడ్డాడు. సౌజన్య తెర పక్కన, చేతిలో కాగితాలు, చిన్న టార్చి పట్టుకుని నిలబడింది.

అనంతరావు లేచి, ఇది మాట లేని చిత్రమని, సౌజన్య చెప్పే మాటలు తప్ప హాలులో మరే శబ్దమూ ఉండకూడదని కోరాడు.

"మరి ఊ ఎవరు కొడ్తరు సారూ?" అడిగింది నర్సక్క.

"ఊ ఎందుకమ్మా?"

"మా పిల్ల కథ చెప్తదా, చెప్పదా? చెప్తె ఎవరో ఒకరు ఊ కొట్టాలె. ఊ లేని కథ ఇంటె ఇల్లు చేరే తొవ్వ మర్చిపోతరు."

"క్వార్టర్లు ఇక్కడి నుంచి కనిపిస్తున్నాయి. ఎవరైనా మర్చిపోతే నేను దింపుతా."

"గింతమందిమి ఉన్నం, ఎంతమందిని దింపుతవు సారూ? ముసలోళ్లను ఎత్తుకుంటవా?" అంది వెనుక నుంచి ఎవరో. ఆడవాళ్లు నవ్వారు. ఒకామె, తన మొగుడు రోజూ ఏ కథా వినకుండానే తొవ్వ మర్చిపోతాడని, అతన్ని కూడా దింపమని అంది. మళ్లీ నవ్వారు.

అనంతరావు వాదనకు దిగేవాడే. మల్లేశం చేయి ఎత్తి తేల్చేశాడు. "పద్ధతి ఉన్నది సారూ. ఊరి నుంచి వచ్చిన పెద్ద చుట్టం ఊ కొట్టాలె. మొదలువెట్టినోడే ఆఖరి దాంక కొట్టాలె, నడుమ ఇంకొకరు అందుకోవద్దు. గట్లనే చేస్తం. పోశం బావా, నువ్వే."

అన్న తరువాత గాని, చెప్పబోయేది ఎవరో మల్లేశానికి తట్టలేదు. మూడు నెలలుగా ఒకరితో ఒకరు మాట్లాడని మామా కోడళ్లు. అయితే పెద్దమనిషి నోటి నుంచి మాట వచ్చేసింది. పోశం తువ్వాలను ఒక భుజం నుంచి మరో భుజానికి మార్చుకున్నాడు. కాదనలేదు.

మొదటి కార్డు పడింది. సౌజన్య చెప్పింది: "ఒకానొక కొండ మీద, గొర్లు తప్ప ఇంకేం లేని ఊరు."

కుర్చీలో నుంచి ఏమీ రాలేదు. తర్వాత గొంతు సవరించుకున్నట్టుగా, "ఊ."

అనంతరావు మీట నొక్కాడు, చిత్రం నడిచింది.

కార్డుకు ఎంతసేపు ఆగాలో ఆయన ముందు రోజు లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క మూడో కార్డుకే పనికిరాకుండా పోయింది. ఆడవాళ్లు విన్నది పక్కవాళ్లకు చెప్పుకోవాలి, ముసలివాళ్లు అందుకోవాలి. ఊ మాత్రం సరిగ్గా అందరికీ అందిన క్షణానే వస్తోంది. కొంతసేపటికి సర్ వేలు మీట మీద ఊ కోసమే ఆగుతోందని సౌజన్య గమనించింది. ఆమె చెబుతుంది, పోశం ఊ అంటాడు, బొమ్మ కదులుతుంది. చెప్పడం తేలికైంది.

ఆవిరి కిటికీ వచ్చింది. సౌజన్య టార్చి ఆర్పేసింది. పిల్ల గొర్రెకు నాలుగో కాలు గీసేసరికి హాలులో ఎవరో "హా" అన్నారు, ఊపిరి వదిలినట్టు. గని పనుల్లో వీపులు గట్టిపడిన మొగవాళ్లు తల వంచుకుని తమలో తాము నవ్వుకున్నారు. ద్వారం దగ్గర తిరుపతి ఇటు చూస్తున్నాడేమో ఆమెకు తెలియలేదు. ఆమె అటు చూడలేదు.

పిల్ల కొండ ఊరికి కాపురానికి వచ్చింది. ఉన్ని మూట ఎత్తబోయి దానితోపాటే పడింది. ఆడవాళ్లు నవ్వారు గాని ఆ నవ్వులో కసి లేదు. పిల్ల తనకు వచ్చిన ఒక్క పనీ చేసింది, మామ చొక్కా ఇస్త్రీ చేసి మడత పెట్టింది. ముసలివాడు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. చుట్టూ చూశాడు. ఉండచుట్టి, కింద వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. లేచి, నలిగినదాన్ని దులిపి తొడుక్కున్నాడు.

"ముసలోనికి పొగరు బాగున్నది," అన్నాడు మల్లేశం.

"ఇస్త్రీ అంగి ఏసుకొని గొర్లెంబడి పోతె గొర్లు గుర్తు పడ్తయా మరి?" అన్నాడు పోశం. హాలు నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వుతోనే తరువాతి కార్డుకు ఊ కొట్టాడు.

తర్వాత మంచు మొదలైంది. సాయంకాలం. ముసలివాడు చలికి బిగుసుకుపోతున్న గొర్రెపిల్లను చంకలో ఇరికించుకుని గొర్రెల దొడ్డి నుంచి బయటికి వస్తాడు. రెండు చేతులూ దాని మీదే. దొడ్డి తలుపును మోచేత్తో వెనక్కి నెడతాడు. తలుపును మూసి ఉంచే తాడు ఉచ్చు గుంజ తలకు తగులుతుంది. తగులుతుంది, గుంజ మీద పడదు. అతను వెళ్లిపోతాడు. కెమెరా వెళ్లదు. గాలికి ఊగుతున్న ఆ తాడును చూస్తూ అక్కడే ఉంటుంది.

"పడలే," అంది ఒకామె మెల్లగా.

తెల్లవారింది. దొడ్డి ఖాళీ. వాలు పొడుగునా మంచు మీద తెల్లని చిన్న గుట్టలు. అవి చలికి చచ్చిన గొర్రెలని తెలియడానికి కొంతసేపు పట్టింది. ఊరివాళ్లు పోగయ్యారు. ముసలివాడు అందరినీ చూశాడు. అతని చేయి లేచి కోడలి వైపు చాచుకుంది. పెదవులు కదిలాయి. కొడుకు నేల చూశాడు.

కార్డు పడింది.

సౌజన్య టార్చి వెలిగించింది. కాగితం మీది తన రాతను చూసింది, మాట తప్పకుండా చదివింది. "'పట్నం పిల్ల కొండల మీద నిలవదు. దొడ్డి తలుపు ఏసుడు గూడ దానికి రాదు' అన్నడు ముసలోడు."

ఊ రాలేదు.

తెల్లని అక్షరాలు తెర మీద ఆగిపోయాయి. అనంతరావు వేలు మీట మీదే ఉంది. యంత్రం లోపలి చిన్న పంకా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. బయట బొగ్గు లారీ ఒకటి గేరు మార్చుకుని ఎత్తు ఎక్కింది.

"బావా, ఊ అను," అన్నాడు మల్లేశం.

పోశం తువ్వాల కొసను వేలికి చుట్టుకుంటున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు అనంతరావు మర్యాదగా, "ఊ అంటే విన్నట్టే. ఒప్పుకున్నట్టు కాదు."

"ఇన్న సారూ. ఇన్నది అబద్ధం. గింతమందిమి సూసినం గదా. తలుపు ఏసింది ముసలోడు. తాడు పడలే. సక్కగ సూపిచ్చిండు బొమ్మ తీసినాయన. సూసినంక దీనికి ఊ ఎట్ల కొట్టాలె?"

నర్సక్క నోరు తెరిచి, పద్ధతి గుర్తొచ్చి మూసుకుంది. ఇంకొకరు అందుకోవడానికి లేదు. ఊ వచ్చేదాకా చెప్పేవాళ్లు ముందుకు పోవడానికీ లేదు. అయితే ఊ ఆగినప్పుడు, ఎందుకు ఆగిందని కొట్టేవాణ్ణి అడగవలసింది చెప్పేవాళ్లే. హాలులో అందరికీ అది తెలుసు. సౌజన్యకూ తెలుసు. ఆమె టార్చిని కాగితం మీద నుంచి కిందికి దించింది.

"మామా, కథ ఆగింది."

"ఆగనీ."

"ఎందాంక?"

"ముందుగాల గా ముసలోడు నిజం చెప్పాలె గద. చెప్పినంక నడువని."

"చెప్పడు మామా. బొమ్మ అయిపోయేదాంక చెప్పడు. నేను నిన్న మొత్తం సూసిన."

పోశం తెరవైపు చూశాడు. అక్కడ అక్షరాలు తప్ప ఏమీ లేవు, ఆ అక్షరాలు అతనికి రావు. చాలాసేపు వాటినే చూశాడు.

"ఆఖరి దాంక గూడ చెప్పడా?"

"చెప్పడు."

వేలికి చుట్టిన తువ్వాల కొస విడిచాడు. అది మెల్లగా మెలి విప్పుకుంది.

"ఊ," అన్నాడు. పక్కనున్న మల్లేశానికి కూడా సరిగా వినిపించలేదు. అనంతరావుకు వినిపించింది.

మిగిలిన చిత్రంలో కార్డులు తక్కువ. పిల్ల పెట్టె పట్టుకుని వాలు దిగిపోవడం, ముసలివాడు కిటికీ దగ్గర కూర్చుని చంకలో బతికించుకున్న ఆ ఒక్క గొర్రెపిల్లకు పాలు పట్టడం, కొడుకు ఆలస్యంగా బయలుదేరడం. రైలు స్టేషన్లో కొడుకు ఆమెను కలుసుకుంటాడు. కౌగిలింతలు లేవు. పెట్టెకు ఒకవైపు పిడి అతను పట్టుకుంటాడు, రెండో పిడిని ఆమె వదలదు. ఇద్దరూ మోసుకుంటూ తెర అంచు దాటిపోతారు. రెండు రైళ్లు రెండు వైపులా నిలబడి ఉంటాయి. ఏది ఎక్కారో చిత్రం చూపదు. నూరేళ్లనాటి ఆ మనిషికి ఎక్కడ ఆపాలో తెలుసు.

దుప్పట్లు విప్పేలోపే పేచీ మొదలైంది.

"మల్ల కొండకే పోయిన్రు."

"ఎందుకు పోతరు? గింత అయినంక? పట్నంల ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నరు."

"నువ్వు సూసినవా దుకాణం?"

"సారూ, ఏ బండెక్కిన్రు?"

"చిత్రం చెప్పలేదమ్మా."

"చెప్పకుంటె ఎట్ల సారూ, గింతసేపు కూసోవెట్టి?"

అనంతరావు జవాబు కోసం వెతుకుతుండగా పోశం లేచాడు. తువ్వాల దులుపుకుని, కోడలివైపు చూడకుండా, ద్వారం దగ్గరున్న కొడుకును దాటి బయటికి నడిచాడు. తిరుపతి ఒకసారి వెనక్కి చూసి తండ్రి వెంట వెళ్లాడు.

ఆదివారం పొద్దున్న అదే భవనం వరండాలో చాపలు పరిచారు. మల్లేశం మధ్యలో కూర్చున్నాడు. కాలనీ పెద్దలు అటూ ఇటూ, పోశం, తిరుపతి ఒక పక్క. సౌజన్య తల్లి పక్కన, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ముందు రాత్రి నర్సక్క మరొకసారి నడుము వంచడం గురించి చెప్పింది. నిన్న ఆగిన ఊ గురించి కాలనీ అంతా మాట్లాడుకుంది. ఆమె మాత్రం దాని మీద ఏ ఆశా కట్టుకోలేదు. సినిమాలో ముసలివాడి తప్పును చూసి బాధపడటం వేరు. అది ఎవరైనా చేస్తారు.

మల్లేశం గొంతు సవరించుకున్నాడు. "రెండు దిక్కులు ఇంటం. ఇన్నంక మా మాట చెప్తం. చెప్పిన మాటకు ఇద్దరూ కట్టువడాలె. మొదలు ఆడపిల్ల దిక్కు..."

"మొదలు నాది ఇనుండ్రి," అన్నాడు పోశం.

"నీది తర్వాత, బావా. పద్ధతి..."

"పద్ధతి ఎరికే. నిన్నటి సంది పద్ధతే నడుస్తున్నది." అతను చాప అల్లికలో లేచిన ఒక పుల్లను గోటితో నొక్కి సరిచేస్తున్నాడు. "వాన వడ్డ దినం తాడిపత్రి ఇంట్ల లేదు. మా చెల్లె ఇంటికి నేనే పంపిన. ఉన్నదాంతోని కప్పింది పిల్ల. దుప్పట్లు గూడ ఏసింది. తడిసిన పత్తి నా మీద రాసుకోండ్రి. అన్న మాట గూడ నాదే తప్పు."

వరండాలో ఒకరినొకరు చూసుకున్నారు. మల్లేశం అరచేతులతో మోకాళ్లు రుద్దుకున్నాడు.

"గీ ముచ్చట మొన్న దిగంగనే చెప్తె అయిపోతుండె గదా, బావా."

"మొన్న చెప్తె మీరు చాపలు ఎందుకు పరుస్తుంటిరి?"

ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. పుల్ల మళ్లీ లేచింది. పోశం మళ్లీ నొక్కాడు. అప్పటిదాకా తలెత్తలేదు.

మల్లేశం అన్నాడు, "ఇగ పంచాయితీల మిగిలిందేం లేదు. మామ ఒప్పుకున్నడు. పిల్లా, సామాను కట్టుకో."

"ఒక్క మాట ఉన్నది," అంది సౌజన్య.

నర్సక్క ఆమె కొంగు పట్టి లాగింది. సౌజన్య కొంగును తల్లి చేతిలో నుంచి మెల్లగా విడిపించుకుంది.

"మామను కాదు. ఆయనను అడుగుత." తిరుపతివైపు తిరిగింది. "తాడిపత్రి బండి మీద ఏసుకొని పోయిందెవరు?"

"నేనే," అన్నాడు తిరుపతి.

"అయితె నీకు ఎరికే."

"ఎరికే."

"ఎందుకు చెప్పలే?"

అతను తండ్రివైపు చూశాడు. పోశం చాపను చూస్తున్నాడు. అతనికి అక్కడి నుంచి ఏ సహాయమూ రాలేదు.

"నాయిన మీదికి వస్తదని."

"నా మీదికి వచ్చింది గదా."

తిరుపతి పెదవి తడుపుకున్నాడు. నేల చూడబోయాడు. చూపు సగం దాకా దిగి ఆగింది. తిరిగి ఆమె మొహం మీదికి వచ్చింది.

"వచ్చింది," అన్నాడు. "నేను సూసుకుంట నిలవడ్డ."

సౌజన్య స్తంభాన్ని వదిలి నిటారుగా కూర్చుంది.

"నేను మామతోని పోత," అంది. "రేపటి బండికి. నువ్వు ఎల్లుండి రా. మా అమ్మ దగ్గర ఒక్క దినం ఉండు. గీ మూడు నెలలు నువ్వు ఎందుకు నోరు తెరవలేదో ఆమెకు చెప్పి రా. నాకు చెప్పినట్టు గాదు, సక్కగ చెప్పు. ఆమె రోజూ నన్ను కాళ్లు మొక్కుమన్నది."

"గిదేం తీర్పు?" అన్నాడు ఒక పెద్ద. "మొగుని ఇడిచిపెట్టి మామతోని పోవుడు ఎక్కడన్న ఉన్నదా?"

"మా పద్ధతుల లేదు," అన్నాడు మల్లేశం. "అయితె వద్దని గూడ పద్ధతుల ఎక్కడ లేదు. ఏమంటవు అల్లుడా?"

"ఉంట," అన్నాడు తిరుపతి.

నర్సక్క అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. "ఉంటె ఉండు. కారం తింటవా? మా ఇంట్ల సప్పిడి వండము."

"తింట అత్తా."

చాపలు చుట్టారు.

సోమవారం బల్లార్షా స్టేషన్లో సిర్పూర్ వైపు వెళ్లే రైలును ఇద్దరు ఎక్కారు, పోశం, సౌజన్య. తిరుపతి మంగళవారం అదే రైలుకు వెళ్లాడు. జూన్ వానలకు ఆ పొలంలో పత్తి గింజలు పెట్టినవారిలో సౌజన్య ఉంది. బతుకమ్మ పండుగకు ఆమె తల్లిగారింటికి వచ్చి, దసరా మర్నాడు అత్తగారి ఊరికి తిరిగి వెళ్లింది.